టైరు రబ్బరులో కార్బన్ బ్లాక్ ఎందుకు?

టైరు రబ్బరులో కలిపే మసి లాంటి మెత్తటి కార్బన్ పొడే కార్బన్ బ్లాక్. అది నల్లరంగు కోసమేనా అని అడిగారు. కాదండీ, ముఖ్యంగా బలం కోసం.

రబ్బరు అణువులు పొడవాటి గొలుసులు, ఎప్పుడూ మెలికలు తిరుగుతూ కదులుతుంటాయి. కార్బన్ రేణువు దగ్గర మాత్రం ఒక్కో గొలుసు చాలాచోట్ల దానికి అతుక్కుంటుంది. ఒక్కో అతుకు బలహీనమే, కానీ అన్నీ ఒకేసారి ఊడటం కష్టం. అందుకే ఆ ఉపరితలం పక్కన కొన్ని నానోమీటర్ల మేర రబ్బరు కదలిక మందగిస్తుంది. రబ్బరుకు బలం రావడానికి ఈ పట్టే తోడ్పడుతుంది. వల్కనైజ్ చేయని (గంధకంతో వేడిచేసి గట్టిపరచని) ఉత్త రబ్బరు టోలీన్ అనే ద్రావణిలో కరిగిపోతుంది. కార్బన్ కలిపితే, రోజుల తరబడి నానబెట్టినా కొంత రబ్బరు ఆ కార్బన్ రేణువుల్ని వదలదు! నాకెంతో ఇష్టమైన ప్రయోగం ఇది.

అన్ని ఘనపదార్థాలూ ఇలా పట్టుకోవు. 1994లో కెడ్డీ, జోన్స్, కోరీ అనే శాస్త్రవేత్తలు యాక్రిలిక్ (రబ్బరులాగే గొలుసు అణువులున్న ఒక ప్లాస్టిక్) పలుచటి పొరలను పరీక్షించారు. సిలికాన్ ఆక్సైడ్ మీద అవి మెత్తబడే ఉష్ణోగ్రత పెరిగింది, అంటే అక్కడ గొలుసుల కదలిక మందగించింది; బంగారం మీద మాత్రం ఆ ఉష్ణోగ్రత తగ్గింది.