పొలిటికల్ సైన్స్, ఫిలాసఫీ రెండూ చెప్పే ప్రొఫెసర్ కావచ్చా? ఆ దారి ఎలా ఉంటుంది?

మీరు బి.ఏ. చివరి ఏడాదిలో ఉన్నారు, సబ్జెక్టు పొలిటికల్ సైన్స్, ఇష్టం మాత్రం ఫిలాసఫీ మీద అని రాశారు. దాదాపు అదే పరిస్థితిలోంచి వచ్చినవాణ్ణి కాబట్టి జవాబిస్తున్నాను. ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ చేశాను. పీహెచ్‌డీ కూడా ఆ విభాగంలోనే, కానీ న్యాయం అనే భావన మీద. అంటే సగానికి పైగా చదివింది ఫిలాసఫీయే. ఇప్పుడు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను.

కావచ్చు. కానీ ఇష్టం రెండింటి మీదా ఉన్నా, సర్టిఫికెట్లన్నీ ఒకే సబ్జెక్టులో ఉండేలా చూసుకోండి. నెట్ అంటే కాలేజీ, యూనివర్సిటీ అధ్యాపకులకు పెట్టే జాతీయ అర్హత పరీక్ష. అందులో పొలిటికల్ సైన్స్ కోడ్ 02, ఫిలాసఫీ కోడ్ 03. ఎం.ఏ. ఏ సబ్జెక్టులో చేశారో నెట్ కూడా అందులోనే రాయాలన్నది మామూలు పద్ధతి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీనే చూడండి, పొలిటికల్ సైన్స్ సోషల్ సైన్సెస్ స్కూల్లో ఉంటుంది, ఫిలాసఫీ హ్యుమానిటీస్ స్కూల్లో. ఒకే క్యాంపస్, వేరు వేరు లోకాలు.

ఈ తేడా నాకు ఇంటర్వ్యూల్లో బాగా తెలిసొచ్చింది. ఒకచోట పొలిటికల్ సైన్స్ బోర్డు కూర్చుంది. నా థీసిస్ పేరు చూసి ఒక పెద్దాయన "ఇందులో ఫీల్డ్ వర్క్ ఎక్కడుంది? ఎన్నికల మీద ఏమైనా చేశారా?" అన్నారు. ఇంకోచోట ఫిలాసఫీ వాళ్లు జర్మన్ తత్వవేత్త కాంట్ గురించి రెండు ప్రశ్నలు వేసి, "మీ ఎం.ఏ. ఇందులో కాదు కదా" అంటూ ఫైలు మూసేశారు. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, ఆ పరిస్థితి. చివరికి నన్ను గట్టెక్కించింది 02 కోడ్‌తో వచ్చిన నెట్ సర్టిఫికెట్టే.

పోస్టుల లెక్క కూడా చూడండి. మన దగ్గర ఉస్మానియా, ఆంధ్రా, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీల్లో ఫిలాసఫీ విభాగాలున్నాయి గానీ, డిగ్రీ కాలేజీల్లో ఆ సబ్జెక్టు కనబడటం అరుదు. పొలిటికల్ సైన్స్ అయితే దాదాపు ప్రతి ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఉంటుంది. జూనియర్ కాలేజీల్లో సివిక్స్ లెక్చరర్ పోస్టులూ ఉంటాయి. అందుకే పొలిటికల్ సైన్స్‌లో ఎం.ఏ. చేసి, పొలిటికల్ థియరీని స్పెషలైజేషన్‌గా తీసుకోమంటాను. ప్లేటో, అరిస్టాటిల్, హాబ్స్, రూసో, మార్క్స్, అంబేడ్కర్ అందరూ అక్కడే ఉన్నారు. న్యాయం గురించి రాసిన జాన్ రాల్స్ హార్వర్డ్‌లో ఫిలాసఫీ ప్రొఫెసర్‌గా పనిచేశాడు. మన పిల్లలు ఆయన్ని ఎక్కువగా చదివేది మాత్రం పొలిటికల్ సైన్స్ పేపర్లలోనే.

రెండు శాఖల్లోనూ పేరు తెచ్చుకున్నవాళ్లు లేరని కాదు. కెనడాకు చెందిన చార్లెస్ టేలర్‌కు ఆక్స్‌ఫర్డ్‌లో 1961లో డాక్టరేట్ వచ్చింది. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్, ఫిలాసఫీ రెండూ చెప్పాడు. అంతటితో ఆగక ఎన్నికల్లోనూ నిలబడి, 1965లో, తర్వాత కెనడా ప్రధాని అయిన పియరీ ట్రూడో చేతిలో ఓడిపోయాడు. పార్లమెంటుకు పోకపోవడమే మనకు లాభమైందని నా అభిప్రాయం. మనవాళ్లలో కొత్త సచ్చిదానందమూర్తి గారున్నారు. గుంటూరు జిల్లా మనిషి, ఆంధ్రా యూనివర్సిటీలో ఫిలాసఫీ ప్రొఫెసర్. వేదాంతం మీద ఎంత పట్టుందో, భారత విదేశాంగ విధానం మీదా అంతే ఆసక్తితో రాశారు. అయితే ఆ తరానికి నెట్ కోడ్‌ల బాధ లేదు.

ఇక రోజువారీ పని. పరిశోధన కంటే అడ్మిషన్లు, న్యాక్ (కాలేజీలకు గ్రేడు ఇచ్చే సంస్థ) ఫైళ్లు, ఇన్విజిలేషన్ ఎక్కువ సమయం తింటాయి. క్లాసు మాత్రం వేరే సంగతి. మన స్థానం ఏమిటో తెలియదనుకుని సమాజానికి నియమాలు ఎంచుకోవాలన్న రాల్స్ పాఠం చెప్పేటప్పుడు పిల్లలకు ఒక కాగితం ఇస్తాను. "రేపు మీరు ఏ కులంలో, ఏ ఇంట్లో పుడతారో, ఆడో మగో, పొలం ఉంటుందో లేదో తెలియదనుకోండి. ఊరికి ఒక్క రూల్ రాయండి" అంటాను. రిజర్వేషన్ల మీద గొడవ వస్తుందని మొదట్లో టెన్షన్ పడేవాణ్ణి. ఒకసారి వెనక బెంచీ అమ్మాయి "హాస్టల్లో కలెక్టర్ పిల్లలు కూడా ఉండాలి సార్, అప్పుడు అన్నం బాగుంటుంది" అని రాసింది. పక్కనున్న అబ్బాయి వెంటనే "అప్పుడు కలెక్టర్ పిల్లలకు వేరే మెస్ పెడతారు" అన్నాడు. పుస్తకం తెరవకుండానే ఆ గంటంతా గడిచిపోయింది.

జీతం విషయానికొస్తే, యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) స్కేల్ ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700 రూపాయలతో మొదలవుతుంది, ప్రొఫెసర్‌కు 1,44,200. 2018 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీతో చేరినవాళ్లు మెట్టు మెట్టుగా 4, 5, 3, 3 ఏళ్ల సర్వీసు పూర్తిచేస్తే ప్రొఫెసర్ హోదాకు అర్హత వస్తుంది. అంటే ఎక్కడా ఆలస్యం కాకపోతే 15 ఏళ్లు. కానీ ఆలస్యం కాకపోవడం అనేది నేనెక్కడా చూడలేదు. పైగా రెగ్యులర్ నోటిఫికేషన్ వచ్చేదాకా గెస్ట్ ఫ్యాకల్టీగా గడపాలి. యూజీసీ 2019లో క్లాసుకు 1,500, నెలకు 50,000 మించకుండా అని చెప్పింది. నేను పనిచేసిన చోట అందులో సగం కూడా ఇవ్వలేదు, ఇచ్చిందీ వేసవి సెలవుల్లో ఆగిపోయేది. ఇంట్లో ఇంకో సంపాదన లేకపోతే ఈ దశే అన్నిటికంటే కష్టం.

అందుకే జేఆర్ఎఫ్ మీద గురి పెట్టండి. నెట్‌లో మంచి మార్కులు వచ్చినవాళ్లకు పీహెచ్‌డీ చేసేటప్పుడు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్ అది. 2023 నుంచి నెలకు 37,000, సీనియర్ ఫెలో అయ్యాక 42,000. జనరల్ వాళ్లకు వయసు 30 దాటకూడదు, రిజర్వుడ్ వర్గాలకు, మహిళలకు 5 ఏళ్ల సడలింపు ఉంది. పీహెచ్‌డీలో చేరాక కోర్సు వర్క్‌లో ఒక పేపర్ ఫిలాసఫీ విభాగంలో చేస్తానని మీ గైడ్‌ని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. తెలుగు మీడియం అయితే ఇప్పటి నుంచే రోజుకు రెండు పేజీలు ఇంగ్లండ్ తత్వవేత్త మిల్ గానీ అంబేడ్కర్ గానీ ఇంగ్లీషులో చదవండి. అంబేడ్కర్‌తో మొదలుపెట్టడం మేలు, వాక్యాలు సూటిగా ఉంటాయి.