ఫోన్‌లో సోఫా బాగానే ఉంది, మరి ఈఎంఐ సంగతి?

ప్రశ్న: మాది విజయవాడ. చేతికొచ్చే జీతం 52,000. ఇంటి లోన్‌కు 21,000, ఖర్చులకు 22,000 పోతాయి. బ్యాంకులో 40,000 ఉన్నాయి. ఓ ఫర్నిచర్ యాప్‌లో ఏఆర్‌తో (ఫోన్ కెమెరాలో కనబడే మన గదిలోనే వస్తువు బొమ్మను పెట్టి చూపించే టెక్నాలజీ) 60,000 రూపాయల సోఫాను మా హాల్లో పెట్టి చూశాం. అచ్చం మా ఇంటి కోసమే చేసినట్టుంది. కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉంది. తీసుకోమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. ఒకసారి మన హాల్లో కనబడ్డాక అది మనదే అనిపిస్తుంది. పిల్లలైతే ఈపాటికి ఎవరెక్కడ కూర్చోవాలో కూడా తేల్చేసుకుని ఉంటారు!

నో కాస్ట్ అంటే వడ్డీ లేదని కాదు. బ్యాంకు ఏడాదికి 16 శాతం వేస్తుందనుకుంటే వడ్డీ సుమారు 4,900 అవుతుంది. ఆ మేరకు అమ్మేవాళ్లు ముందే ధర తగ్గిస్తారు. వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే 880 చిల్లర, దాంతోపాటు ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అదీ మీరే కట్టుకోవాలి. ఇదేమంత భారం కాదు.

నా టెన్షన్ మీ దగ్గరున్న ఆ 40,000 గురించే. లోన్, ఖర్చులు కలిపి నెలకు 43,000 అవుతుంటే, ఒక్క నెల జీతం ఆగినా అది చాలదు. మిగిలే 9,000లో 5,000 సోఫాకే పోతే ఇక పుంజుకునేదెప్పుడు? కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే మిగిలిన బాకీ మీద నెలకు మూడు, మూడున్నర శాతం దాకా వడ్డీ వేసే కార్డులున్నాయి.

అదే 5,000తో ఏడాదికి ఆర్‌డీ (నెలనెలా కొంత వేసే బ్యాంకు డిపాజిట్) తెరవండి, మిగతా 4,000 అత్యవసర నిధిలో వేయండి. ఏడాది తిరిగేసరికి సోఫా డబ్బు చేతికొస్తుంది, ఇప్పుడున్న 40,000తో కలిపి నిధి 88,000 అవుతుంది. మూడో నెలకే ఆర్‌డీ కట్టడం కష్టమైతే ఈఎంఐ కూడా కట్టలేకపోయేవారన్నమాట.

ఏఆర్ పనికిరాదని నేననను. ఫర్నిచర్ కంపెనీ ఐకియా 2017లోనే ఇలాంటి యాప్ తెచ్చింది. సైజు, రంగు విషయంలో నప్పనిది కొనకుండా బాగానే కాపాడుతుంది. అయితే నున్నగా మెరిసే టైల్స్ మీద కెమెరాకు నేల సరిగా అందదు, బొమ్మ జరుగుతుంది, కొలత తేడా వస్తుంది. అందుకే టేపుతో కొలిచి, సోఫా పొడవు వెడల్పుల మేర పాత పేపర్లు పరిచి చూడండి. బాల్కనీ తలుపు తీయండి, పక్కనుంచి ఇద్దరు నడవండి. లిఫ్ట్ తలుపు, మెట్ల మలుపు కూడా కొలవండి. హాల్లో పట్టే సోఫా మెట్ల దగ్గరే ఇరుక్కుపోవచ్చు.

కళ్లజోడు ఫ్రేమ్ ముఖానికి నప్పిందో లేదో ఫోన్‌లో చూస్తే సగం పని అయిపోయినట్టే. సోఫాకు అది చాలదు. ఫోమ్ గట్టిదా, లోపల ఏ కలప వాడారు అన్నవి తెరమీద తెలియవు. దగ్గర్లో షోరూమ్ ఉంటే వెళ్లి ఓ పావుగంట కూర్చుని రండి. నగదుకు ఎంత తగ్గిస్తారో కూడా అక్కడే అడగండి. రిటర్న్, రీఫండ్ షరతులు ముందే చెప్పాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. వెనక్కి పంపితే రవాణా ఖర్చు ఎవరిదో మాత్రం ఆర్డర్‌కు ముందే చదివి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.