రాహైడ్ కిడ్ పాత కామిక్స్ దొరికాయి: అసలువా, పునర్ముద్రణలా? అమ్మాలా, ఉంచుకోవాలా?

మీ పొరుగింటి పెద్దావిడ ఇల్లు ఖాళీ చేస్తూ ఇచ్చిన అట్టపెట్టెలో అయిదు రాహైడ్ కిడ్ అనే అమెరికన్ కౌబాయ్ కామిక్ పుస్తకాలు దొరికాయని, అవి నిజంగా 1960 ప్రాంతానివేనా, అమ్మేయాలా ఉంచుకోవాలా అని అడిగారు. ఈ విషయంలో ఒకసారి చేతులు కాల్చుకున్నవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఒహాయోకు వచ్చిన కొత్తలో ఒక ఆదివారం సంతలో రాహైడ్ కిడ్ సంచిక ఒకటి కనిపించింది. "అరవైలలో జాక్ కర్బీ గీసిన కథ" అన్నాడు అమ్మే మనిషి. బేరం కూడా ఆడకుండా నలభై డాలర్లు చేతిలో పెట్టాను. ఇంటికి వచ్చి ప్లాస్టిక్ తొడుగు తీశాక అట్ట మీద ధర చూశాను: 25 సెంట్లు. 1960లో ఈ పుస్తకం వెల పది సెంట్లు! నేను కొన్నది పాత కథను 1970లలో మళ్ళీ అచ్చువేసిన సంచిక. ఆయన చెప్పిన మాటలో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు, అదే నా బాధ. కథ అరవైలదే, బొమ్మలు కర్బీవే, కాగితం మాత్రం కాదు.

కాబట్టి ముందు ధర చూడండి. పది సెంట్లు ఉంటే 1961 లేదా అంతకు ముందుది. 1962 నుంచి పన్నెండు సెంట్లు, 1969లో పదిహేను, ఆ తర్వాత ఇరవై, 1974 నుంచి ఇరవై అయిదు. తర్వాత మొదటి పుట అడుగున, కొన్నిటిలో అట్ట లోపలివైపు, చీమతలకాయంత అక్షరాలతో ఒక పేరా ఉంటుంది. అందరూ దాటేసే పేరా అది. నెల, సంవత్సరం, సంచిక సంఖ్య, ప్రచురణకర్త చిరునామా అన్నీ అక్కడే ఉంటాయి. అందులోని నెలను అలాగే నమ్మకండి. పుస్తకం అంగట్లో ఎక్కువ రోజులు కొత్తదిగా కనిపించాలని రెండు మూడు నెలలు ముందుకు జరిపి వేసేవారు. ఆగస్టు అని ఉన్నది వేసవి మొదట్లోనే పిల్లల చేతికి వచ్చి ఉంటుంది.

మీ అయిదింటిలో ఒకదానికి అట్ట పైభాగం, పేరు ఉన్నంత మేర, చింపేసి ఉందన్నారు కదా. అది పిల్లల పని కాకపోవచ్చు. అమ్ముడుపోని ప్రతులను దుకాణదారులు మొత్తంగా వెనక్కి పంపేవారు కాదు. అట్ట మీద పేరున్న ముక్క చించి పంపితే చాలు, డబ్బు జమ అయ్యేది. మిగతా పుస్తకాన్ని పారేయాలి. కొందరు పారేయకుండా తక్కువ ధరకు అమ్ముకునేవారు. సేకరించేవాళ్ళ దగ్గర ఆ మొండి ప్రతికి పెద్దగా విలువ ఉండదు. చదువుకోవడానికి మాత్రం నాకు అలాంటివే ఇష్టం, భయం లేకుండా పేజీ తిప్పవచ్చు.

ఇక సంచిక సంఖ్య. ఇక్కడ చిన్న చరిత్ర తెలిస్తే మీకు పనికొస్తుంది. రాహైడ్ కిడ్ మొదట 1955లో అట్లాస్ అనే సంస్థ నుంచి వచ్చింది, ఆ సంస్థే తరువాత మార్వెల్. పదహారు సంచికలు వచ్చి 1957లో ఆగిపోయింది. ఆ సంవత్సరమే వాళ్ళ పుస్తకాలను ఊరూరా చేరవేసే పంపిణీ సంస్థ మూతపడింది. చివరికి పోటీదారు డీసీకి చెందిన పంపిణీ సంస్థనే ఆశ్రయించాల్సి వచ్చింది. వాళ్ళు నెలకు సుమారు ఎనిమిది పుస్తకాలే తీసుకుంటామని షరతు పెట్టారు. గుమ్మం దగ్గర పొరుగువాడి కాపలా అన్నమాట. ఆ ఇరుకులో కూడా కౌబాయ్ పుస్తకాలకు చోటు ఉంచారంటే అప్పట్లో వాటికి ఎంత గిరాకీ ఉండేదో ఊహించుకోండి. టీవీ పెడితే గుర్రాలే కనిపించే కాలం.

1960 ఆగస్టు తేదీతో పుస్తకం మళ్ళీ మొదలైంది. పాత సంఖ్యనే కొనసాగిస్తూ 17 అని వేశారు, కానీ లోపల ఉన్నది పూర్తిగా కొత్త మనిషి. రచన స్టాన్ లీ, బొమ్మలు కర్బీ, వాటికి సిరా దిద్దింది డిక్ ఏయర్స్. చుట్టూ తాడిచెట్లలాంటి రౌడీలు, మధ్యలో బక్కపలచని ఎర్రజుట్టు కుర్రాడు. వాళ్ళు వాణ్ణి చూసి నవ్వుతారు. తరువాతి గడిలో వాళ్ళ పిస్తోళ్ళు గాల్లో ఉంటాయి. అప్పటికి కామిక్స్‌లో ఏం చూపించవచ్చో, ఏం చూపించకూడదో చెప్పే నియమావళి అమలులో ఉంది. 1954లో అమెరికా సెనేట్ కామిక్స్ మీద జరిపిన విచారణల తరువాత ప్రచురణకర్తలు తమకు తామే పెట్టుకున్నది. అట్ట మూలన తపాలా బిళ్ళ ఆకారంలో కనిపించేది దాని ముద్రే. నెత్తురు పారకూడదు కాబట్టి మన హీరో ప్రాణాలు తీయడం కంటే చేతిలోని తుపాకీని ఎగరగొట్టడంలో ఎక్కువ నేర్పు చూపిస్తాడు.

మా ఊరి గ్రంథాలయంలో నెలకొకసారి పాత కామిక్స్ చదివే బృందం కూడుతుంది. ఒక నెల ఈ 17వ సంచిక కథనే తీసుకున్నాం, అసలు ప్రతి కొనే స్తోమత ఎవరికీ లేదు కాబట్టి సంకలనంలో. అనాథ అయిన మన హీరో జానీ బార్ట్‌ను పెంచి, తుపాకీ పట్టడం నేర్పినవాడు పదవీ విరమణ చేసిన టెక్సాస్ రేంజర్, అంటే ఆ రాష్ట్రపు పోలీసు. పేరు కోసం తిరిగే ఇద్దరు దుండగులు ఆయన్ని చంపేస్తారు. కుర్రాడు బయలుదేరతాడు. ఆ పెంచిన ఆయన పేరు బెన్. కుర్రాడు పిలిచేది అంకుల్ బెన్ అని. స్పైడర్‌మ్యాన్‌ను పెంచి, దుండగుడి చేతిలో చనిపోయే ఆయన పేరు కూడా అంకుల్ బెనే. నేను కుర్చీలోంచి లేచినంత పనిచేసి "ఇది స్పైడర్‌మ్యాన్ కథ కదా!" అన్నాను. చుట్టూ ఉన్న పెద్దలు చిరునవ్వు నవ్వారు. వాళ్ళకు నలభై ఏళ్ళుగా తెలిసిన సంగతి అది. అయినా నాకు ఆ ఆనందం తగ్గలేదు. స్పైడర్‌మ్యాన్ మొదట కనిపించింది సరిగ్గా రెండేళ్ళకు, 1962 ఆగస్టు తేదీతో, అదే స్టాన్ లీ రచనలో. మంచివాడే అయినా లోకం దృష్టిలో నేరస్తుడు కావడం, ఎక్కడా నిలవలేకపోవడం కూడా అప్పటికే రాహైడ్ కిడ్‌లో ఉన్నాయి. గుర్రం ఒక్కటి తీసేయాలి, అంతే.

ఆ రోజు అందరికంటే ఆసక్తికరమైన మాట చెప్పింది తపాలా శాఖలో పనిచేసి విరమించిన ఒక పెద్దాయన. పాత కామిక్స్‌లో మధ్యలో ఎక్కడో రెండు పుటలు బొమ్మలు లేకుండా ఉత్త అక్షరాల కథ ఉంటుంది. చిన్నప్పుడు ఎవరూ చదివేవారు కాదట. పత్రికలకు ఇచ్చే చవక తపాలా రేటు దక్కాలంటే కొంత రాత ఉండాలన్న నిబంధన కోసం పెట్టిన పుటలవి. "నేను సంచీలో మోసిన బరువులో ఎవరూ చదవని భాగం అదే" అన్నాడాయన. మీ పుస్తకాల్లో ఆ పుటలు ఉన్నాయో లేదో చూడండి. మధ్య కాగితం ఊడిపోయి ఉంటే తెలిసిపోతుంది, విలువ కూడా ఆ మేరకు పడిపోతుంది.

నా వంతు వచ్చినప్పుడు, 1971లోనే కృష్ణగారితో కె.ఎస్.ఆర్. దాస్ తెలుగులో కౌబాయ్ సినిమా తీశారని, మా నాన్నగారి తరానికి టోపీ, గుర్రం, ఎడారి అక్కడి నుంచే తెలుసని చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. ఫోన్‌లో బొమ్మ చూపించాల్సి వచ్చింది.

నచ్చనిది కూడా చెప్పాలి. అమెరికా మూలవాసులను ఈ కథల్లో చూపించిన తీరు చదవలేకపోయాను. ఎక్కువ చోట్ల వాళ్ళు కొండ అంచున వరుసగా నిలబడే నీడలు, మాట్లాడితే విరిగిపోయిన వాక్యాలు. కాలం అలాంటిది అని బృందంలో ఒకరు అన్నారు. నేను ఒప్పుకోలేదు, ఆ వాదన ఆ రోజు తేలలేదు. మీ ఇంట్లో పిల్లలుంటే వాళ్ళకు ఊరికే ఇచ్చేయకుండా పక్కన కూర్చుని చదవండి.

అమ్మకం సంగతి. 17 నుంచి 32 వరకు ఉన్నవి ప్రధానంగా కర్బీ బొమ్మలు, వాటికి గిరాకీ ఎక్కువ, అందులోనూ 17కి. 1964 నుంచి దాదాపు పదేళ్ళు స్టాన్ లీ తమ్ముడు లారీ లీబర్ నడిపాడు. అవి మధ్యస్థంగా పలుకుతాయి, నన్ను అడిగితే కథలుగా బాగుంటాయి కూడా. 1970ల మధ్యకు వచ్చేసరికి దాదాపు అన్నీ పునర్ముద్రణలే. 1979లో 151వ సంచికతో ఆగిపోయింది. ఆ చివరివి చవగ్గా దొరుకుతాయి. అమ్మి లాభపడేది ఏమీ లేదు, ఉంచుకోండి.

మీ అయిదింటి సంఖ్యలు, ధరలు ఇక్కడ రాయండి, ఏది ఏమిటో చెబుతాను. ఈలోగా ఆ చిరిగిన అట్టకు సెల్లోటేపు మాత్రం వేయకండి. నా నలభై డాలర్ల పుస్తకానికి నేను వేశాను. ఇప్పుడు అక్కడ తేనెరంగు మరక మిగిలింది, టేపు ఊడిపోయింది.