రెండో ప్యాకెట్

గుంటూరు

బుజ్జీ,

నీ కొత్త పొడుల వ్యాపారానికి నువ్వు పంపిన లేబుల్ ఫొటోలు చూశాను. రంగులు బాగున్నాయి. పేరు గురించి, సూపర్ మార్కెట్లలో పెట్టడం గురించి, ప్రకటన కోసం రీల్స్ చేసే అమ్మాయికి ఇవ్వాలనుకుంటున్న మూడు లక్షల గురించి అడిగావు. ఫోన్‌లో చెబితే సగం నీకు, సగం గాలికి పోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను, కోపం తెచ్చుకోకు. పోయిన నెల కూకట్‌పల్లిలో ఉన్న మన వాళ్ల చేత వారానికొకటి చొప్పున నాలుగు నీ కందిపొడి ప్యాకెట్లు కొనిపించి తెప్పించుకున్నాను. నాలుగింటినీ వేడి అన్నంలో నెయ్యి వేసుకుని వరసగా తిని చూశాను. మొదటిది ఫరవాలేదు. రెండోది అచ్చం మా అమ్మ చేసినట్టే ఉంది, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడోదాంట్లో పప్పు ఎక్కువ వేగింది, చివర్లో చేదు తగిలింది. నాలుగోదాంట్లో ఉప్పు తగ్గింది. ఆ మూడో ప్యాకెట్‌తో నీ పొడి మొదటిసారి రుచి చూసిన ఇల్లాలు ఇంకోసారి కొనదు. ఫోన్ చేసి తిట్టదు కూడా. ఆమె మానేసిందని నీకు ఎప్పటికీ తెలియదు.

27 ఏళ్లు పొడుల వ్యాపారం చేశాక నేను తెలుసుకున్నది ఇదే తల్లీ. మొదటి ప్యాకెట్‌ను లేబుల్ అమ్ముతుంది, ప్రకటన అమ్ముతుంది, చుట్టరికం కూడా అమ్ముతుంది. అదే మనిషి మళ్లీ కొనే రెండో ప్యాకెట్‌ను మాత్రం మొదటి ప్యాకెట్‌లోని పొడే అమ్మాలి. నువ్వడిగిన ప్రతి ప్రశ్ననూ నేను ఆ రెండో ప్యాకెట్ వైపు నుంచే చూస్తాను.

ముందు ఆ రుచి సంగతి తేల్చుకో. ఇంట్లో చేతి కొలత సరిపోతుంది, వ్యాపారంలో సరిపోదు. ఉప్పు, ఇంగువ, జీలకర్ర అన్నీ గ్రాముల్లో రాసి గోడకి అంటించు. పప్పు ఎంత వేగిందో రంగు చూసి చెప్పడం వేయించే మనిషిని బట్టి మారుతుంది. అందుకే మేము తూకం పెట్టేవాళ్లం. పది కిలోల పప్పు వేయించి చల్లారాక ఎంత తూగిందో రాసుకో. నాకు కళ్లలో నీళ్లు తెప్పించిన ఆ రుచి ఏ తూకం దగ్గర వస్తుందో నాలుగు వాయిల్లో తెలిసిపోతుంది. తర్వాత ఎవరు వేయించినా ఆ తూకానికి రావాలి.

మిరపకాయ ఇంకా కష్టం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మా మిర్చి యార్డుకి వచ్చే కొత్త కాయ రంగు వేరు. అదే కాయ కోల్డ్ స్టోరేజీలో ఉండి అక్టోబరులో బయటికి వస్తే దాని రంగు వేరు. తేజా రకం ఘాటుగా ఉంటుంది. బ్యాడిగి రకం రంగిస్తుంది కానీ ఘాటు తక్కువ. ఒకే కొట్లో, ఒకే పేరుతో కొన్నా లాటుకీ లాటుకీ తేడా ఉంటుంది. కొత్త లాటు దిగిన రోజు నేను ముందు ఒక చిన్న వాయి పట్టించి, పాతదాని పక్కన పెట్టి రుచి చూసి, పాళ్లు సరిచేసుకున్నాకే పెద్ద వాయి వేయించేదాన్ని. అలా చేస్తే ఒక పూట పని ఆగుతుంది. ఆగనీ.

ప్రతి వాయి నుంచి రెండు ప్యాకెట్లు తేదీ రాసి నీ దగ్గర అలమరలో ఉంచు. ఎక్స్‌పైరీ తేదీ దాటేదాకా పారేయకు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఒక ఏడాది కవరు మీద నలభై పైసలు మిగులుతాయని నేను పల్చటి రకానికి మారాను. వానాకాలం వచ్చింది. రెండు నెలలకి పల్లీల పొడి పాత నూనె వాసన కొట్టింది. నేను నమూనాలు దాచుకోలేదు కాబట్టి దుకాణాల వాళ్లు చెప్పేదాకా నాకు తెలియలేదు. తెనాలి నుంచి బాపట్ల దాకా కొట్టుకొట్టుకీ తిరిగి 600 ప్యాకెట్లు వెనక్కి తెచ్చి పారబోశాను. ఆ పల్లీల పొడి మళ్లీ మునుపటిలా అమ్ముడుపోవడానికి రెండేళ్లు పట్టింది. నలభై పైసల ఆశ, అంతే.

ఇప్పుడు పేరు. అమ్మ, చేతి, రుచి, ఇంటి అన్న మాటల్లోంచే నువ్వు పేరు తీశావు. ఆ మాటలు అందరివీ. సరుకు గుణాన్నో రకాన్నో చెప్పే మామూలు మాటలకి ట్రేడ్‌మార్క్ దొరకడం కష్టం. దొరికినా, పక్కవాళ్లు కాస్త అటూఇటూ మార్చి పెట్టుకుంటే ఆపడం ఇంకా కష్టం. మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారిని చూడు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టి బొంబాయి వెళ్లి, 1893లో తలనొప్పి మందు అమ్మడం మొదలుపెట్టారు. అమృతం అందరికీ తెలుసు, అంజనమూ తెలుసు. రెండూ కలిపి అమృతాంజనం అన్నారు. విన్న వెంటనే అర్థమవుతుంది, నోటికి పడుతుంది, అయినా అది ఆయనకే సొంతమైన మాట. నీకూ అలాంటి పేరు కావాలి. దొరికాక ఒక పరీక్ష పెట్టు. ఎనిమిదేళ్ల పిల్లాడికి ఆ పేరు ఒక్కసారే చెప్పి కిరాణా కొట్టుకి పంపించు. వాడు సరిగ్గా అడిగి తెస్తే ఆ పేరు ఖాయం చేసుకో.

పేరు ఖాయమైన వారంలోనే దరఖాస్తు వేసేయ్. మన రెండు రాష్ట్రాలూ చెన్నై ట్రేడ్‌మార్క్ కార్యాలయం కిందికి వస్తాయి, కానీ ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. దరఖాస్తులో సరుకు ఏ తరగతిదో రాయాలి, మసాలాలు 30వ తరగతిలోకి వస్తాయి. పేరు పక్కన టీఎం అని వేసుకోవచ్చు. గుండ్రంలో ఆర్ గుర్తు మాత్రం రిజిస్ట్రేషన్ అయ్యాకే వేయాలి, ముందే వేస్తే అది నేరం. నీ లేబుల్ మీద అప్పుడే వేసేశావు, తీయించు.

నాగేశ్వరరావు గారిదే ఇంకో సంగతి. ఆయన సంగీత సభల్లో ఆ మందును ఉచితంగా పంచారు. ఊరంతా పంచలేదు చూడు. అవసరమున్న మనుషులు ఒకచోట కూడే చోటు వెతికారు. నీ కందిపొడికి ఆ సభ ఎక్కడుంది? నన్నడిగితే మీ చుట్టుపక్కల హాస్టళ్లలో ఉంది. రాత్రి తొమ్మిదింటికి వచ్చి మెస్ కూర నచ్చక పెరుగన్నంతో సరిపెట్టుకునే ఆడపిల్లలు వందల మంది ఉన్నారు. ఇరవై గ్రాముల చిన్న ప్యాకెట్లు చేసి వాళ్లకి ఇవ్వు. రీల్స్ అమ్మాయికి ఇచ్చే మూడు లక్షల్లో ఇరవయ్యో వంతు పెట్టినా చాలు. పది రోజుల తర్వాత వెళ్లి ఎంతమంది కొన్నారో అడుగు. ఆ లెక్క తేలేదాకా రీల్స్ వద్దు. రుచి నిలకడగా లేనప్పుడు లక్షమందికి చూపిస్తే, ఆ మూడో ప్యాకెట్ కూడా లక్షమందికి తెలుస్తుంది.

చిన్న ప్యాకెట్ అమ్మకానికీ పనికొస్తుంది. కడలూరు ఆయన సి.కె. రంగనాథన్ 1983లో 15,000 రూపాయలతో మొదలుపెట్టి, చిక్ షాంపూను సాచెట్లలో అమ్మి పల్లెపల్లెకీ చేర్చారు. సీసా కొనలేనివాళ్లు కూడా ఒక తలంటుకి సరిపడా కొనగలిగారు. ఏ కంపెనీ ఖాళీ సాచెట్లు తెచ్చినా చిక్ ఒకటి ఉచితం అని పథకం పెట్టి, జనానికి అలవాటయ్యాక చిక్ సాచెట్లు మాత్రమే తీసుకుంటాం అని మార్చారు. చూశావా, అక్కడా తిప్పలన్నీ రెండోసారి కొనిపించడానికే. అయితే ఒక జాగ్రత్త. కవరు, నింపే కూలీ చిన్న ప్యాకెట్‌కీ పెద్దదానికీ దాదాపు ఒకేలా పడతాయి. చిన్నదాంట్లో లాభం చూడకు, రుచి చూపించడానికి వాడుకో.

ధర గురించి మా లెక్క చెబుతాను. ప్యాకెట్ మీద వంద రూపాయలు వేశామనుకో. కొట్టు అతనికి ఇరవై, డిస్ట్రిబ్యూటర్‌కి ఎనిమిది. పన్ను, రవాణా, డ్యామేజీ కలిపి ఇంకో పది. స్కీములకీ నమూనాలకీ ఎనిమిది. మిగిలేది యాభై నాలుగు. అందులో గది అద్దె, జీతాలు, కరెంటు, వడ్డీ. కాబట్టి పొడి, కవరు, కూలీ కలిపి నలభై దాటితే నువ్వు పని చేస్తున్నావు కానీ సంపాదించడం లేదు. నువ్విప్పుడు నేరుగా ఇళ్లకి అమ్ముతున్నావు కాబట్టి నీకు అరవై పడుతున్నా లాభం కనిపిస్తోంది. ఆ ధరతో దుకాణాల్లోకి వెళ్తే ప్రతి ప్యాకెట్‌కీ చేతి డబ్బు పడుతుంది.

ఇక సూపర్ మార్కెట్. ఇక్కడ కాస్త గట్టిగా చెబుతాను, ఎందుకంటే నా వ్యాపారం మూతపడేంత పని అయింది ఇక్కడే. నేను మొదలుపెట్టిన తొమ్మిదో ఏట పేరున్న ఒక దుకాణాల గొలుసు నుంచి ఆర్డరు వచ్చింది. ఒక్కసారిగా నలభై కొట్లు. ఇంటిల్లిపాదీ స్వీట్లు పంచుకున్నాం. అరలో చోటుకి డబ్బు కట్టించుకున్నారు. సరుకు దింపాక తొంభై రోజులకి చెల్లింపు అన్నారు, నూట ముప్ఫై రోజులైంది. ఈలోగా మిర్చికి, పప్పుకి నేను నగదు కట్టాలి. బంగారం తాకట్టు పెట్టాను. చివరికి బిల్లులోంచి అమ్ముడుపోని సరుకు తీసేసి, మిగతాది ఇచ్చారు. తిరిగొచ్చిన ప్యాకెట్లలో సగం ఎక్స్‌పైరీ దాటినవే. అమ్మకాల పుస్తకంలో అది మాకు అన్నిటికంటే గొప్ప ఏడాది. ఇంట్లో మాత్రం రాత్రిళ్లు నిద్ర లేదు.

అందుకే చెబుతున్నాను, నీ దగ్గర ఉన్న డబ్బు ఎన్ని రోజులు బయట ఉండగలదో లెక్క కట్టుకోకుండా పెద్ద ఆర్డరు తీసుకోకు. చిన్న పరిశ్రమలకి ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించు, దానికి రుసుము లేదు. సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గర సరుకు కొన్నవాళ్లు 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలని 2006 చట్టం చెబుతోంది. ఆ ఉద్యమ్ నంబరు ప్రతి బిల్లు మీదా వేయించు. పెద్దవాళ్ల మీద కేసు వేసి గెలుద్దామని కాదు, అడిగేటప్పుడు నోటికి బలం ఉంటుంది.

ఇప్పటికి ఇరవై కొట్లు చాలు. బెంగళూరులో ఇడ్లీ పిండి అమ్మే ఐడి ఫ్రెష్ ముస్తఫా, ఆయన బంధువులు 2005లో ఇరవై కొట్లతోనే మొదలుపెట్టారు. రోజుకి వంద ప్యాకెట్లు అమ్మడానికి వాళ్లకి దాదాపు తొమ్మిది నెలలు పట్టింది. తొమ్మిది నెలలు, బుజ్జీ. నీకు ఇంకా నాలుగో నెల. ఇరవై కొట్లకీ వారానికోసారి నువ్వే వెళ్లు, సేల్స్‌మన్‌ను పంపకు. ఒక నోటుబుక్ పెట్టుకుని, నువ్వు అడగకముందే ఏ కొట్టు అతను మళ్లీ సరుకు కావాలన్నాడో రాసుకో. ఇరవైలో పన్నెండు మంది అలా అడిగిన రోజు నాకు ఫోన్ చెయ్, డిస్ట్రిబ్యూటర్ గురించి అప్పుడు మాట్లాడుకుందాం.

డల్లాస్ నుంచి, న్యూజెర్సీ నుంచి మన పిల్లలు పెట్టిన ఆర్డర్లను ఈ లెక్కలో కలపకు. వాళ్లు నీ మీద ప్రేమతో కొన్నారు. డబ్బు తీసుకో, సంతోషపడు, వేరే పేజీలో రాయి.

పద్నాలుగు రకాలు కూడా తగ్గించు. కంది, కరివేపాకు, వెల్లుల్లి కారం ఉంచు. మిగతావి పక్కన పెట్టేయ్.

ప్యాకెట్ మీద ఉన్న ఫోన్ నంబరు ఈ ఏడాదంతా నీ చేతిలోనే ఉండాలి. ఎవరైనా ఉప్పు తగ్గిందంటే వాదించకు. ఏ తేదీ ప్యాకెట్ అని అడిగి, అలమరలో ఆ తేదీది తెరిచి నువ్వూ తిని చూడు. వాళ్ల మాట నిజమైతే కొత్త ప్యాకెట్ పంపి, ఆ వాయిలో మిగిలింది కొట్లలోంచి తెప్పించేయ్. నష్టమే, నాకు తెలుసు. నా తరఫున ఆ ఖర్చుకి యాభై వేలు విడిగా పెడుతున్నాను, మీ అమ్మకి చెప్పకు.

ఫిబ్రవరి రెండో వారంలో కొత్త కాయ బాగా దిగుతుంది. ముందురోజు రాత్రికే వచ్చేయ్, తెల్లవారుజామున యార్డుకి వెళ్దాం. కాయ విరిచి, గింజ చూసి, అరచేతిలో నలిపి ఎలా కొనాలో చూపిస్తాను. వచ్చేటప్పుడు నోటుబుక్, ఈ నెల వాయిల నుంచి ఒక్కో ప్యాకెట్ తీసుకురా. ఈసారి ఇద్దరం కలిసి తిని చూద్దాం.

నీ
పెద్దమ్మ