ఎడమచేత్తో తింటున్నారని గదిలోనే తినమంటున్నారు

ప్రశ్న: మేడమ్, నాకు 69 ఏళ్ళు, మావారికి 74. సత్యనారాయణపురంలో ఇల్లు అమ్మేసి, మూడేళ్ళ క్రితం విజయవాడ శివార్లలో ఒక సీనియర్ లివింగ్ కమ్యూనిటీలో చేరాం. పోయిన ఏడాది మావారికి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. ఇప్పుడు వీల్‌చైర్‌లో తిరుగుతారు. ఎడమచేత్తో స్పూన్ పట్టుకుని తనంతట తనే తింటారు, కాస్త కింద పడుతుంది. "చూస్తూ తినలేకపోతున్నాం" అని పక్క టేబుళ్ళవాళ్ళు కంప్లయింట్ చేశారట. ఇకమీదట భోజనం రూముకే పంపిస్తాం, దానికి నెలనెలా విడిగా ఛార్జీ కట్టండి, లేదంటే కేర్ బ్లాకుకి మారండి అన్నాడు మేనేజర్. డైనింగ్ హాల్ ముందు రెండు మెట్లున్నాయి, వాటిమీద చెక్క వేసి నేనే తోస్తున్నాను. అమెరికాలో ఉన్న మా అబ్బాయేమో గొడవెందుకమ్మా, సర్దుకుపోండి అంటున్నాడు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: సర్దుకుపోవద్దమ్మా. మీ అబ్బాయి దూరంగా ఉండి టెన్షన్ పడి అన్నమాటే గానీ, ఈ విషయంలో సర్దుకుంటే నష్టపోయేది వాళ్ళ నాన్నగారే.

ముందు ఆ ఎడమచెయ్యి సంగతి. చిన్నప్పుడు ఎడమచెయ్యి కంచంలో పెడితే మనందరికీ ఒక దెబ్బ పడేది, అది ఎంతగా ఒంటపట్టిందంటే కుడిచెయ్యి చచ్చుబడిన మనిషి ఎడమచేత్తో తింటున్నా చూసేవాళ్ళకు అసహ్యమే ముందు కలుగుతుంది. స్ట్రోక్ తర్వాత ఎవరూ తినిపించకుండా తనే స్పూన్ నోటిదాకా తెచ్చుకోవడానికి ఆయన ఎన్ని నెలలు కష్టపడ్డారో మీకు తెలుసు, వాళ్ళకి తెలియదు. గుంటూరులో మా పెద్దమ్మకి ఇలాగే అయితే, వచ్చేపోయేవాళ్ళ ముందు బాగుండదని వెనకగదిలో కంచం పెట్టేవాళ్ళం. ఆరు నెలలకి ఆవిడ మాట్లాడటమే మానేసింది. అప్పుడు నేనూ ఏమీ అనలేదు, అది నాకిప్పటికీ బాధే.

ఇక చట్టం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 3వ సెక్షన్ ప్రకారం, వైకల్యం ఉందన్న కారణంగా ఎవరిమీదా వివక్ష చూపకూడదు, న్యాయమైన అవసరం కోసం, దానికి తగిన మేరకే అలా చేశామని వాళ్ళు చూపించగలిగితే తప్ప. పక్క టేబులువాళ్ళకి ఇబ్బందిగా ఉందన్నది అలాంటి అవసరం అవుతుందని నేను అనుకోను. మాది ప్రైవేటు అని మేనేజర్ అంటే, ఆ చట్టంలో కంపెనీ, సొసైటీ, ట్రస్టు కూడా ఉన్నాయని చెప్పండి. అవసరానికి తగ్గట్టు చిన్నచిన్న మార్పులు చేసివ్వకపోవడం కూడా ఆ చట్టం దృష్టిలో వివక్షే.

ఆ చెక్క మాత్రం ఈరోజే తీసేయండి. ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు ఉండాలి. మెట్టు ఆరంగుళాలు అనుకుంటే రెండు మెట్లకి అడుగు ఎత్తు, అంటే పన్నెండడుగుల ర్యాంపు. మీ చెక్క నాలుగడుగులు ఉంటుందేమో, దానిమీద ఈ వయసులో మీరు తోస్తూ జారితే ఇద్దరూ పడతారు. టేపు పెట్టి మెట్ల ఎత్తు కొలిచి, ఫోటో తీసి పెట్టుకోండి.

వాళ్ళ వైపు మాట కూడా ఒకటుంది. ఆయన్ని లేపడానికి, స్నానం చేయించడానికి మనిషిని పెడితే దానికి డబ్బు అడగొచ్చు, అగ్రిమెంట్‌లో ఏం రాశారో చూడండి. కానీ మీరు నెలనెలా భోజనానికి కడుతున్న డబ్బులోనే హాల్లో కూర్చునే చోటు ఉంది. ఆ చోటు తీసేసి పైగా ఛార్జీ వేయడమేమిటి? ఇది వినియోగదారుల కమిషన్‌కి కూడా వెళ్ళగలిగే విషయం, లాయరు లేకుండా మీరే ఫిర్యాదు వేసుకోవచ్చు.

అయితే ముందు ఉత్తరం. ర్యాంపు కావాలనీ, హాల్లో భోజనం మానబోమనీ, కేర్ బ్లాకుకి మారేది లేదనీ మూడు ముక్కలు రాసి, రెండో కాపీమీద తేదీతో సంతకం పెట్టించుకోండి. మాటల్లో చెప్పినవన్నీ రేపు మేం అనలేదంటారు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ లేకపోతే వార్డు సచివాలయంలో స్లాట్ అడగండి, పింఛను కోసం కాకపోయినా ఇక్కడ పనికొస్తుంది. ఉత్తరానికి జవాబు రాకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు పంపొచ్చు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో మహిళలకీ దివ్యాంగులకీ ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరునిస్తారు, ఫోన్ నంబరు 15100. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది, మొదట దానికి చేసి మాట్లాడినా ధైర్యం వస్తుంది.

కంప్లయింట్ చేసినవాళ్ళలో ఒకరిద్దరు మీకు తెలిసినవాళ్ళే అయుంటారు. కుదిరితే ఒక సాయంత్రం వాళ్ళని టీకి పిలవండి, ఆయన పక్కనే కూర్చోబెట్టండి. రేపు మధ్యాహ్నం మాత్రం మామూలు టైముకే హాలుకి వెళ్ళండి, మెట్ల దగ్గర ఇద్దరు స్టాఫ్‌ని సాయం అడగండి.