రంగం కథలు రాస్తానన్న మనవరాలికి

చిరంజీవి అమ్మలూకి తాతయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. "జనరల్స్, డివిజన్లు, ట్యాంకులు నాకొద్దు తాతయ్యా, రంగం నుంచి నడిచొచ్చిన మనవాళ్ళ కథలే రాస్తాను" అన్నావు. రంగం అంటే బర్మాలోని రంగూన్, రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ దాడికి మనవాళ్ళు వదిలి వచ్చిన ఊరు. రాయి. కానీ ఆ డివిజన్లు, అంటే సైన్యపు పెద్ద దళాలు, ఎప్పుడు ఎటు కదిలాయో తెలుసుకోకుండా రాశావంటే, నలభై ఏళ్ళ కిందట నేను చేసిన తప్పే నువ్వూ చేస్తావు.

అప్పట్లో మా పెద్దమ్మ చేత రంగం సంగతులు చెప్పించి క్యాసెట్‌లో ఎక్కించాను. పెదనాన్న అక్కడ రేవులో మూటలు మోసేవాడు. "బాంబులు పడ్డాక ప్రోమ్ దారి పట్టాం. సర్కారోళ్ళు ఆపి వెనక్కి పంపేశారు. రెండు నెలలకి మళ్ళీ వాళ్ళే పొమ్మన్నారు" అంది ఆవిడ. ప్రోమ్ అంటే రంగానికి ఉత్తరాన, దేశానికి నడిచొచ్చే దారిలో ఉన్న ఊరు. పొమ్మనేవాళ్ళు ముందు ఎందుకు ఆపుతారు? ముసలావిడ ఒకే ప్రయాణాన్ని రెండుసార్లు చెబుతోంది అనుకున్నాను. నా వ్యాసంలో రెండోదే రాసి, మొదటిది కొట్టేశాను.

చాలా ఏళ్ళకు బర్మా యుద్ధం గురించి చదువుతుంటే సిగ్గేసింది. రంగం మీద జపాన్ మొదటి బాంబులు 1941 డిసెంబర్ 23న పడ్డాయి. వీధుల్లో నిలబడి విమానాలను చూస్తున్న జనమే ఎక్కువగా చచ్చిపోయారు. మిగిలినవాళ్ళు వేలకు వేలుగా ఊరు వదిలారు. దాంతో రేవు ఆగిపోయింది. బర్మాకు కొత్త సైన్యం దిగాల్సింది ఆ రేవులోనే. చైనాకు పోవాల్సిన అమెరికా సామాన్లు గుట్టలుగా పడి ఉన్నదీ అక్కడే. వాటిని ఎత్తి దించే కూలీలు ఎవరు? చాలావరకు మన తెలుగువాళ్ళే, బర్మావాళ్ళు కోరంగీలని పిలిచినవాళ్ళు. ఓడలు ఖాళీ కావాలంటే వాళ్ళు వెనక్కి రావాలి. అందుకే ఆపారు. ఫిబ్రవరి 20 ప్రాంతంలో ఊరు ఖాళీ చేయమని ఆదేశం వచ్చింది. 23న తెల్లవారకముందే రంగానికి తూర్పున జపాన్ సైన్యానికి అడ్డుగా ఉన్న సిట్టాంగ్ నది వంతెనను బ్రిటిష్ సైన్యమే పేల్చేసింది, తన మనుషులు చాలామంది ఇంకా అవతలి ఒడ్డునే ఉండగా. ఇక రంగం నిలవదని తేలిపోయింది. మార్చి 8న జపాన్ సైన్యం ఊళ్ళోకి వచ్చింది. అంటే పెద్దమ్మ చెప్పిన రెండు ప్రయాణాలూ నిజమే. ఆవిడకు కారణం తెలియదు, నేనేమో వెతకలేదు.

కాబట్టి ముందు ఒక నోటుబుక్కు తీసి పేజీని నిలువుగా రెండు చేసుకో. ఒకవైపు సైన్యం తేదీలు, రెండోవైపు మనవాళ్ళ మాటలు. పక్కన బర్మా మ్యాప్ పెట్టుకో. ఎవరినీ తేదీ అడగకు, ఎవరికీ గుర్తుండదు. సంక్రాంతికి ముందా తర్వాతా, ఉగాది ఎక్కడ జరిగింది, దారిలో వాన పడిందా అని అడుగు. వాన అన్న ఒక్క మాటతో చాలా తేలుతుంది. బర్మా ఉత్తరాన మిట్కినా విమానాశ్రయం మీద మే 6న బాంబులు పడ్డాయి, రెండు రోజులకు ఊరు కూడా జపాన్ చేతికి పోయింది. విమానం కోసం అక్కడ ఎదురుచూస్తున్నవాళ్ళకు అస్సాం వైపు పోయే హుకాంగ్ లోయ అడవి దారే మిగిలింది, అదీ వానాకాలంలో. జనవరిలో ఓడెక్కినవాడినీ మే నెలలో ఆ బురదలో నడిచినవాడినీ ఒకే మూటలో కట్టి "శరణార్థులు" అని రాసేయకు.

మన విశాఖ సంగతీ అంతే. 1942 ఏప్రిల్ 6న బాంబులు పడ్డాయి, అదే రోజు కాకినాడలోనూ. బంగాళాఖాతంలో సరుకు ఓడలను ముంచడానికి వచ్చిన జపాన్ నౌకాదళం పని అది, తీరంలో దిగడానికి కాదు. సైన్యం లెక్కలో చిన్న దాడే. అయినా ఊరు ఖాళీ అయింది. ఆ పరుగు గురించి నవ్వుతూ చెప్పినవాళ్ళను నేనే విన్నాను. కానీ అప్పటికే రంగం నుంచి వచ్చినవాళ్ళు మన తీరం ఊళ్ళలో ఉన్నారు కదా, బాంబు అంటే ఏమిటో కళ్ళతో చూసినవాళ్ళు! వాళ్ళ మాటలు విన్న ఊరు పరుగెత్తకుండా ఎలా ఉంటుంది?

సైన్యం కాగితాలను మాత్రం పూర్తిగా నమ్మకు. ఎన్ని లారీలు పోయాయో, ఎన్ని తుపాకులు మిగిలాయో లెక్కగా రాస్తారు. దారి పక్కన కలరాతో పోయినవాళ్ళకు మాత్రం అలాంటి లెక్క ఉండదు. నాలుగైదు లక్షలమంది దేశం చేరారంటారు, చనిపోయినవాళ్ళ గురించి అన్నీ అంచనాలే. ఆ ఖాళీని నీ నోటుబుక్కులో ఖాళీగానే ఉంచు, ఊహించి నింపకు.

పెద్దమ్మ క్యాసెట్ బీరువా పై అరలో ఉంది. దసరాకి వచ్చేటప్పుడు ప్లేయర్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకో, మాది పాడైంది. రెండో వైపు చివర్లో దారిలో చనిపోయిన పిల్లాడి మాట ఎత్తి ఆగిపోతుంది. అప్పట్లో నేను వేరే ప్రశ్న వేసేశాను. అక్కడ తొందరపడి ముందుకు తిప్పకు.

మీ తాతయ్య