రష్యాలో గేమ్‌ల పైరసీ అంతలా ఎందుకు పెరిగింది, ఆ దొంగ అనువాదాల కథేంటి?

సూటిగా చెప్పాలంటే, కొందామన్నా అసలు సరుకు దొరకడమే కష్టంగా ఉండేది. 1992 చివర్లో స్టీప్లర్ అనే కంపెనీ తెచ్చిన డెండీ అనే గేమ్ మెషీన్ కూడా జపాన్ కంపెనీ నింటెండో మెషీన్‌కి తైవాన్‌లో తయారైన నకలే, అయినా అక్కడ ఒక తరం పిల్లలకి వీడియో గేమ్ అంటే అదే. తర్వాత సీడీలొచ్చాయి. మాస్కోలో గోర్బుష్కా బజారుకెళ్తే కొత్త గేమ్‌లు చవగ్గా, పైగా రష్యన్‌లోకి మార్చి మరీ అమ్మేవాళ్లు. ఫార్గస్ అనే దొంగ కాపీల ముద్ర ఉన్న డిస్కులకైతే మంచి పేరుండేది, కొన్నిటికి గొంతులు కూడా రష్యన్‌లో చెప్పించారు. మిగతా దొంగ కాపీలవాళ్లు చాలామంది మాత్రం మెషీన్ అనువాదాన్ని ఉన్నదున్నట్టు దించేసేవాళ్లు. జీటీఏ శాన్ ఆండ్రియాస్ గేమ్‌లో హీరో చనిపోగానే తెరమీద 'వేస్టెడ్' (ఇంగ్లిష్ యాసలో 'ఖతం') అని పడుతుంది కదా, దొంగ కాపీలో అది 'పత్రాచెనో' అయింది, అంటే 'ఖర్చయింది' అని, డబ్బు గురించి చెప్పినట్టు! ఆ మాట తర్వాత రష్యన్ ఇంటర్నెట్‌లో పెద్ద మీమ్ అయిపోయింది.

నన్నడిగితే తప్పు కొన్నవాళ్లది కాదు, వాళ్ల భాషని పట్టించుకోని కంపెనీలది. గేమ్ కంపెనీ వాల్వ్ అధినేత గేబ్ న్యూవెల్ 2011లో దాదాపు ఇదే అన్నాడు: రష్యన్లు అన్నీ పైరసీ చేస్తారని చెప్పేది, రష్యన్ వెర్షన్ ఆరు నెలలు ఆలస్యంగా ఇచ్చేవాళ్లేనని.